నా వంతు నాకివ్వండి

మొన్న వేసవి సెలవుల్లో మా అక్క కొడుకు మా ఇంటికొచ్చాడు. పదమూడేళ్ళవాడు. వస్తూనే నా కంప్యూటర్ ముందు కూర్చుని డైనోసార్ల యుద్ధం ఆట పెట్టాడు. రియల్ టైమ్ ఆట. నేను వాడి వెనకాలే కుర్చీ వేసుకుని చూస్తున్నాను. తెర మీద ఒక పక్క వాగు, ఒక పక్క గుట్ట, మధ్యలో ముప్పై నలభై జంతువులు. వాటి చర్మం మీద ఒక్కో ముడత గీయడానికి ఎవరో రాత్రింబగళ్ళు కష్టపడి ఉంటారు. నడుస్తుంటే తోక ఎటు ఊగాలి, మెడ ఎంత వంగాలి అన్నది కూడా పట్టించుకుని చేశారు. మావాడి చూపు మాత్రం వాటి మీద లేదు. తెర మూలన అగ్గిపెట్టెంత చోటు మీద ఉంది. మినీమ్యాప్ అంటారు దాన్ని. అందులో ఎర్రచుక్కలు, పచ్చచుక్కలు. కుడిచెయ్యి మౌస్‌ను పొడుస్తోంది, ఎడమచేతి వేళ్ళు అంకెల మీద టకటకలాడుతున్నాయి. పావుగంటలో యుద్ధం ముగిసింది. గెలిచాడు.

"నీ సైన్యంలో చచ్చిపోయినవాటిలో అన్నిటికంటే పెద్దది ఏదిరా?" అని అడిగాను.

"తెలీదు మామయ్యా. మూడో నంబర్ గ్రూప్."

ఈ భూమ్మీద నడిచిన అతిపెద్ద జంతువుల్లో అదొకటి. దాన్ని ఆరుకోట్ల అరవై లక్షల ఏళ్ళ నాటి మట్టిలోంచి లేపి తెచ్చి మూడో నంబర్ గ్రూప్‌ని చేశారు. పిల్లాడికి దాని పేరు తెలీదు. దానికి కొమ్ములున్నాయో లేవో తెలీదు. అది ఎలా చచ్చిందో, ఎందుకు చచ్చిందో తెలీదు. తనే చంపించాడు, ఆ సంగతీ తెలీదు.

ఆ పిల్లాణ్ణి నేనేమీ అనను. ఆట ఎలా ఆడమంటే అలా ఆడాడు. నా కోపమంతా ఆటను అలా చేసినవాళ్ళ మీద, అలాగే చెయ్యాలని గొంతు చించుకునే వీరాభిమానుల మీద, 'ఏదైతేనేం, ఆటే కదా' అని చేతులు దులుపుకునేవాళ్ళ మీద. మీరు ఆ మూడోరకం మనిషైతే ఇదంతా మీకోసమే రాస్తున్నాను. మధ్యలో లేచిపోకండి.

నేను చెప్పేది ఒకే మాట. డైనోసార్లతో ఎత్తుగడల ఆట చెయ్యదలిస్తే వంతులవారీగానే చెయ్యాలి. టర్న్-బేస్డ్ అంటారే, అది. నువ్వొక ఎత్తు వేస్తావు, ఆగుతావు. అవతలివాడు వేస్తాడు. చూస్తావు, ఆలోచిస్తావు, మళ్ళీ వేస్తావు. అందరూ ఒకేసారి మీదపడి కలబడే ఆటకు రియల్ టైమ్ స్ట్రాటజీ అని పేరుపెట్టి అమ్మడం మోసం. అది వేళ్ళ పరుగుపందెం. పరుగుపందేలు చెడ్డవని నేననడంలేదు. ఆ పేరుతోనే అమ్మండి.

మన భాషనే అడుగుదాం. చదరంగంలో పావు కదపడాన్ని ఎత్తు అంటాం. శత్రువును దెబ్బతియ్యడానికి పన్నే ఉపాయాన్ని కూడా ఎత్తే అంటాం. రెంటికీ ఒకటే మాట ఎందుకైంది? ఆలోచించారా? ఎత్తుకు పైఎత్తు వెయ్యాలంటే ముందు అవతలివాడి ఎత్తు నీ కళ్ళముందు పూర్తిగా పడాలి. పడ్డాక దాని అర్థం నీ బుర్రలోకి ఎక్కాలి. అప్పుడే పైఎత్తు. ఆ మధ్యలో ఉన్న వ్యవధే ఎత్తుగడకు పుట్టిల్లు. ఆ వ్యవధిని లాగేసుకున్నాక మిగిలేది తోపులాట. తిరనాళ్ళలో తోపులాట జరుగుతుంది, రేషన్ షాపు ముందు తోపులాట జరుగుతుంది. దాన్ని ఎవరూ వ్యూహం అనరు.

'యుద్ధంలో వంతులుంటాయా? శత్రువు నీకోసం ఆగుతాడా?' అని అడుగుతారు. ఇది వాళ్ళ బ్రహ్మాస్త్రం. రియల్ టైమే నిజమైన యుద్ధమట. సరే, మీ నిజమెంతో చూద్దాం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో ఆటలో ఒక ఊరిమనిషి పుట్టి, పెరిగి, గొడ్డలి పట్టుకుని అడవికి పోవడానికి 25 సెకన్లు చాలు. ఒక జాతి మొత్తం చీకటియుగం దాటి భూస్వామ్య యుగంలో అడుగుపెట్టడానికి 130 సెకన్లు. ఇదా నిజం? స్టవ్ మీద పాలు పొంగేలోపు ఒక నాగరికత మారిపోతుందా?

డైనోసార్ల దగ్గరకొస్తే ఈ అబద్ధం ఇంకా పెద్దది. టైరనోసారస్ రెక్స్ పూర్తిగా ఎదగడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టేది. చెట్టు మానులో వలయాలు లెక్కపెట్టినట్టు దాని ఎముకల్లోని వలయాలు లెక్కపెట్టి 2004లో శాస్త్రవేత్తలు చెప్పిన మాట ఇది. పడుచు వయసులో నాలుగేళ్ళపాటు రోజుకు రెండేసి కిలోలు ఒళ్ళు చేసేదట. మీ ఆటలో అది అర నిమిషంలో కొట్టంలోంచి తయారై బయటికొస్తుంది. రాగానే పరుగెత్తుతుంది. 2017లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాని శరీరాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టి లెక్కగట్టారు. అంత బరువుతో పరుగెత్తితే కాళ్ళ ఎముకలు విరిగిపోయేంత ఒత్తిడి పడుతుంది, కాబట్టి అది నడిచేదే కాని పరుగెత్తేది కాదని తేల్చారు. టన్నుల కొద్దీ మాంసాన్ని మోసే జీవి తప్పటడుగు వేస్తే కింద పడుతుంది, పడితే పక్కటెముకలు విరుగుతాయి. అలాంటి జీవి అడుగు తీసి అడుగు వేసేముందు చూసుకుంటుంది. నీటి గుంట ఎండిపోతే ఎటు వెళ్ళాలి, గుడ్లు వదిలి మేతకు పోవాలా, మంద వెనకే ఉండిపోవాలా అన్నవి దాని చావుబతుకుల సమస్యలు. ఇవన్నీ రుతువుల్లో జరిగే పనులు. వంతులవారీ ఆటలో ఒక వంతును ఒక రుతువు చెయ్యొచ్చు, ఒక ఏడాది చెయ్యొచ్చు. గుడ్డు పొదగడానికి పట్టినన్ని వంతులు పట్టించొచ్చు. పిల్ల పెద్దదయ్యేదాకా దాన్ని కాపాడుకునే బాధ్యత ఆడేవాడి నెత్తిన పెట్టొచ్చు. డైనోసార్ కాలాన్ని మోయగలిగేది వంతు ఒక్కటే. రియల్ టైమ్ గడియారం దాన్ని తొక్కి చంపుతుంది.

ఇక అసలు యుద్ధాలు చేసినవాళ్ళ సంగతి. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి ఒక యుద్ధక్రీడ తయారుచేశాడు. క్రీగ్‌స్పీల్ అంటారు. బల్ల మీద పటం, దాని మీద దిమ్మెలు. ఒక్కో వంతు రణరంగంలో రెండు నిమిషాలకు సమానం. ఇరుపక్షాలూ ఆదేశాలు రాసిస్తాయి, మధ్యవర్తి వాటి ఫలితం తేలుస్తాడు. ప్రష్యా సేనాధిపత్య కార్యాలయం అధిపతి దాన్ని చూసి సైన్యమంతా నేర్చుకోవాలన్నాడు. నేర్చుకున్నారు. నిజంగా తుపాకీ గుళ్ళకు ఎదురెళ్ళవలసిన అధికారులు వంతులవారీ ఆటతో శిక్షణ పొందారు. కుర్చీలో కూర్చుని మౌస్ పొడిచేవాళ్ళు వచ్చి వంతులు యుద్ధానికి పనికిరావంటున్నారు! ఎవరి మాట వినమంటారు?

ఇప్పుడు చేతుల సంగతికి వస్తాను. నన్ను మండించేది ఇదే.

స్టార్‌క్రాఫ్ట్ అనే ఆట 1998లో వచ్చింది. దక్షిణ కొరియాలో దాన్ని వృత్తిగా ఆడేవాళ్ళు తయారయ్యారు. వాళ్ళ గొప్పతనానికి ఒక కొలత ఉంది, నిమిషానికి ఎన్ని చర్యలు అని. మూడు వందలు దాటినవాళ్ళున్నారు. అంటే సెకనుకు ఐదు. సెకనుకు ఐదు ఎత్తులు ఎవడైనా ఆలోచించి వేస్తాడా? వెయ్యలేడు. వేలికి అలవాటైనది వేలు చేసుకుపోతుంది. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. తబలా వాయించేవాడి చేతిలో ఉన్నంత సాధన ఆ చేతుల్లో ఉంది. కాని సాధన వేరు, వ్యూహం వేరు. ఈ తేడా మీకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉంటున్నారు.

తెలుసనడానికి రుజువుంది. 2019లో డీప్‌మైండ్ వాళ్ళ ఆల్ఫాస్టార్ అనే యంత్రం స్టార్‌క్రాఫ్ట్ రెండో ఆటలో ఇద్దరు వృత్తి ఆటగాళ్ళను పది ఆటల్లో ఓడించిన సంగతి బయటపెట్టారు. వెంటనే అభిమానులు ఏమని గోలపెట్టారు? యంత్రం చేతులు మనిషి చేతులకంటే వేగంగా ఆడుతున్నాయి, అవసరమైన క్షణంలో మనిషికి సాధ్యంకానన్ని క్లిక్కులు చేస్తోంది, ఇది అన్యాయం అన్నారు. న్యాయమైన గోలే. తర్వాత ఆ యంత్రం క్లిక్కులకు ఇంకా గట్టి కళ్ళెం వెయ్యవలసి వచ్చింది. ఇరవై రెండేళ్ళ ముందు, 1997లో డీప్ బ్లూ కాస్పరోవ్‌ను చదరంగంలో ఓడించింది. అప్పుడు కూడా గోల జరిగింది. కాని యంత్రం చెయ్యి వేగంగా కదిలిందని ఎవరైనా అన్నారా? కాస్పరోవ్ అనుమానమల్లా ఆ ఎత్తుల వెనక ఆలోచించింది ఎవరన్న దాని గురించి. చదరంగంలో తగాదా వస్తే ఆలోచన గురించి వస్తుంది. రియల్ టైమ్‌లో తగాదా వస్తే మణికట్టు గురించి వస్తుంది. ఏది ఎత్తుగడల ఆటో మీ గోలే చెప్పింది. నేను కొత్తగా నిరూపించేదేముంది?

ఈ మణికట్టు రాజ్యంలో ఎవరికి చోటులేదో చూడండి. కీళ్ళవాతంతో వేళ్ళు వంగని మనిషికి లేదు. ఒక చెయ్యే ఉన్నవాడికి లేదు. యాభై దాటి చూపు మందగించినవాళ్ళకు లేదు. చదరంగం అలా కాదు, చూపులేనివాళ్ళు కూడా గడుల మీద వేళ్ళతో తడుముకుంటూ పోటీలకు పోయి ఆడతారు, చూపున్నవాళ్ళను ఓడిస్తారు. మారుమూల పల్లె పిల్లాడికీ రియల్ టైమ్‌లో చోటులేదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో సెల్ టవర్ వాన చినుకు పడితే నీరసిస్తుంది. అక్కడ కూర్చుని హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడితో నేనొకసారి రియల్ టైమ్ ఆట ఆడాను. నేను 'వెనక్కి రండి' అని నొక్కిన రెండు సెకన్లకు నా మంద వెనక్కి తిరిగింది. అప్పటికే సగం చచ్చింది. నా బుర్ర తప్పులేదు, నా వేలు తప్పులేదు, తీగ తప్పు. వెనకటికి చదరంగం ఆడేవాళ్ళు పోస్టుకార్డుల మీద ఎత్తులు రాసి పంపుకునేవారు. కార్డు వారం ఆలస్యమైనా ఎత్తు ఎత్తుగానే ఉండేది. దాని విలువ పూచికపుల్లంత కూడా తగ్గేది కాదు. వంతు ఉన్నచోట దూరం ఓడిపోతుంది. వంతు తీసేసినచోట డబ్బున్న ఇంటికి వచ్చే వేగమైన తీగ గెలుస్తుంది. ఇది మీకు పట్టదా?

'అయితే చదరంగంలో గడియారం లేదా? కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ కాలేదా?' అని ఎవరో అడిగితీరతారు. అయింది, 2019లో మాస్కోలో ఒకసారి, 2024లో న్యూయార్క్‌లో ఇంకోసారి. ర్యాపిడ్‌లో మనిషికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. అయినా హంపి ఆలోచిస్తున్నంతసేపు ఎదుటివాళ్ళ గుర్రం గడి దాటి రాదు. గడియారాలు రెండు ఉంటాయి, ఒకటి నడిస్తే ఒకటి ఆగుతుంది. ఆమె కాలం ఆమెది. తొందరపడాలో తాపీగా ఉండాలో, ఏ ఎత్తు మీద ఎంత ఖర్చుపెట్టాలో ఆమే నిర్ణయించుకుంటుంది. అది కూడా వ్యూహంలో భాగమే. రియల్ టైమ్‌లో నీకంటూ ఒక క్షణం లేదు. రెండింటినీ ఒకే గాటన కట్టేవాడు చదరంగం బల్ల ముందు ఒక్క పూటైనా కూర్చుని ఎరగడు.

డైనోసార్లతో రియల్ టైమ్ ఆటలు చాలామందే చేశారు. 1997లో జురాసిక్ పార్క్ రెండో సినిమా ఆధారంగా కేయాస్ ఐలాండ్ అనే ఆట వచ్చింది. సినిమా నటుల గొంతులతో సహా తెచ్చారు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీలేదు. చెప్పవలసింది పారావరల్డ్ గురించి. 2006లో బెర్లిన్‌లోని ఒక బృందం చేసిన ఆట. డైనోసార్ల మీద స్వారీచేసే తెగలు, మంచుదేశాలు, ఎడారులు, అడవులు. ప్రేమతో చేశారు, ఆ మాట ఒప్పుకుంటాను. ఆ జంతువుల మీద కట్టిన అంబారీలు, బురుజులు చూస్తే కళ్ళు చెదురుతాయి. ఆ ప్రేమే వాళ్ళ చేత ఒక నిజం కక్కించింది. ఆటలో సైన్యం 52కు మించకూడదని గీత గీశారు. ఐదు అంతస్తుల గోపురంలా, కింద చిన్నవాళ్ళు ఎక్కువమంది, పైన ఒకే ఒక్కడు. ఆ సైన్యమంతా తెర పక్కన వరసగా బొమ్మల పట్టీలా కనిపిస్తూ ఉంటుంది. ఎవరికి దెబ్బ తగిలిందో, ఎవరు ఖాళీగా ఉన్నారో ఆ పట్టీలో చూసుకుని అక్కడే నొక్కొచ్చు. తెలివైన ఏర్పాటని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకుంటాను. కాని ఆ ఏర్పాటు ఎందుకు అవసరమైంది? ఇంత ఇంత జంతువులు గుంపుగా కలబడితే ఎవరు ఎవరో కంటికి ఆనదు కాబట్టి. ఆలోచించే తీరిక లేదు కాబట్టి. రణరంగం వైపు చూడకుండానే రణం నడపడానికి పట్టీ కట్టారు. అంత అందంగా జంతువును చెక్కి, చివరికి దాన్ని హాజరుపట్టీలో గోరంత బొమ్మ చేశారు. రియల్ టైమ్ డైనోసార్‌ను ఏంచేస్తుందో దాన్ని ప్రేమించినవాళ్ళే ఒప్పుకున్నారు. అంతకంటే సాక్ష్యం ఏంకావాలి?

'ఎందుకొచ్చిన గొడవ, రెండూ పెడదాం' అనే మధ్యేమార్గం వాళ్ళున్నారు. వీళ్ళంటే నాకు ఇంకా చికాకు. 1997లోనే ఎక్స్-కామ్ అపోకలిప్స్ అనే ఆట ఆ పని చేసింది. పోరు మొదలుపెట్టేముందు వంతులా, రియల్ టైమా అని అడుగుతుంది. మూడేళ్ళ ముందు వచ్చిన మొదటి ఎక్స్-కామ్ వంతులతోనే జనాన్ని చీకట్లో వణికించింది. తలుపు తెరవాలా వద్దా అని ఒక్క అడుగు కోసం పావుగంట తర్జనభర్జన పడేవాళ్ళం. అపోకలిప్స్‌లో ఆ పట్టు లేదు. కారణం తేలికే. వంతులకు తగ్గట్టు గీసిన గది రియల్ టైమ్‌కు ఇరుకు, రియల్ టైమ్‌కు తగ్గట్టు కూర్చిన ఆయుధం వంతులకు వెటకారం. అవ్వా కావాలి బువ్వా కావాలి అంటే రెండూ దక్కవు. ఇంకొందరు 'రియల్ టైమే, కాకపోతే పాజ్ ఉంటుంది' అంటారు. టోటల్ వార్ ఆటల్లో ఇలాగే. పటం మీద వంతులు, పోరులో రియల్ టైమ్. ఆ వరసలోని వార్‌హ్యామర్ ఆటలో బల్లిమనుషులు డైనోసార్ల మీదెక్కి వస్తారు, చూడ్డానికి రొమ్ము ఉప్పొంగుతుంది. కాని ఏం జరుగుతుంది? నాలుగు దిక్కులా పోరు ముదరగానే పాజ్ నొక్కుతారు, ఊపిరి పీల్చుకుంటారు, చుట్టూ చూస్తారు, ఆలోచిస్తారు, ఒక్కొక్కరికీ ఆదేశమిస్తారు, వదులుతారు. మళ్ళీ పాజ్. నాయనా, నువ్వు చేస్తున్నది వంతే! దొంగచాటుగా వంతు తీసుకుంటూ బయటికొచ్చి వంతులు చేతకానివాళ్ళకంటావు. ఈ కపటమే నాకు ఒళ్ళు మండిస్తుంది. ఈ పేరా చదువుతున్న రియల్ టైమ్ వీరుడా, నువ్వు ఒంటరిగా ఆడేటప్పుడు పాజ్ ఎప్పుడూ నొక్కలేదని నీ పిల్లల మీద ఒట్టు వెయ్యి. వెయ్యగలిగితే నీకు దణ్ణం పెడతాను.

రియల్ టైమ్ ఎక్కడా పనికిరాదని నేననను. డయాబ్లో అనే ఆటను మొదట వంతులవారీగా చెయ్యాలనుకున్నారు. దాన్ని చేసిన డేవిడ్ బ్రెవిక్ ఒక మధ్యాహ్నం కూర్చుని కొద్ది గంటల్లో రియల్ టైమ్‌లోకి మార్చాడు. ఎముకలగూడు మీద నొక్కగానే మనిషి నడిచివెళ్ళి కొట్టాడు. చేసింది మంచిపనే. అది ఒక్క మనిషి కత్తితిప్పే ఆట, అందులో రాజ్యం లేదు, మంద లేదు. సిడ్ మైయర్‌ది దీనికి అచ్చంగా తిరగేసిన కథ. 1991లో వచ్చిన ఆయన ఆట సివిలైజేషన్ మొదటి నమూనా రియల్ టైమ్‌లోనే ఉండేది. ఆడి చూస్తే ఆటగాడు ఏలేవాడిలా లేడు, జరుగుతున్నదాన్ని గుడ్లప్పగించి చూసేవాడిలా ఉన్నాడు. ఆయన దాన్ని పక్కనపెట్టి వంతుల్లోకి మార్చాడు. అప్పుడే ఆటగాడు రాజయ్యాడు. ఏది దేనికి తగునో చూసి నిర్ణయించుకోవడమంటే అది. డైనోసార్ల మంద, మేత, గుడ్లు, నీరు, శత్రువు, రుతువు ఇన్ని ఉన్నచోట ఆటగాణ్ణి కత్తివీరుణ్ణి చేస్తారా, రాజును చేస్తారా?

'వంతుల ఆట అమ్ముడుపోదు, ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు' అని వ్యాపారులంటారు. పచ్చి అబద్ధం. పోకెమాన్ 1996లో వంతులతోనే వచ్చింది. ఆరేళ్ళ పిల్లలు నోరు తెరుచుకుని తమ వంతు కోసం ఎదురుచూస్తూ ఆడారు, వాళ్ళిప్పుడు తల్లిదండ్రులయ్యారు, వాళ్ళ పిల్లలు ఆడుతున్నారు. డైనోసార్లతోనే ఫాసిల్ ఫైటర్స్ అనే వంతుల ఆట 2008లో పిల్లలకోసమే వచ్చింది, రాతిలోంచి ఎముకలు తవ్వి శుభ్రం చేసుకుని బతికించుకునే ఆట. 2023లో బాల్డర్స్ గేట్ మూడో ఆట వంతుల్లో వచ్చింది. ఆ వరసలో మొదటి రెండూ పాజ్ ఉన్న రియల్ టైమే. మూడోది వంతుల్లోకి మారి ఆ ఏటి మేటి ఆటగా గేమ్ అవార్డ్స్‌లో పెద్ద బహుమతి పట్టుకెళ్ళింది. ఓపిక లేనిది పిల్లలకు కాదు, మీకు.

ఓపికను మీరేం చేస్తున్నారో కూడా చెప్తాను. ఫోన్లలో ఉచితంగా దొరికే డైనోసార్ల ఆటలు చూడండి. పోరు వంతుల్లోనే ఉంటుంది చాలావాటిలో, బాగానే ఉంటుంది. గుడ్డు దగ్గరకొచ్చేసరికి గడియారం పెడతారు. గంటలకు గంటలు ఆగు, లేదా డబ్బు కట్టి ఇప్పుడే పొదిగించుకో. అదీ రియల్ టైమే, దాని అసలు రూపం అది. పిల్లాడి బతుకులోని గంటల్ని బందీచేసి, విడిపించుకోవడానికి వాడి నాన్న జేబులోంచి పైసలు లాగడం. ఆటలో ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం ఇవ్వమంటే విసుగంటారు, అమ్ముకోవడానికైతే ఎనిమిది గంటలు కూర్చోబెడతారు. సిగ్గులేదా?

మా పక్షంలోనూ తప్పులున్నాయి. వంతు ఇచ్చి, ఆ వంతులో చెయ్యడానికి ఏమీ లేకుండా చేసిన ఆటలు కొల్లలు. నలభై పట్టణాలు తిరిగి ఒక్కో దాంట్లో ఒక మీట నొక్కి 'తర్వాతి వంతు' అనుకుంటూ నిద్రలోకి జారిపోయిన రాత్రులు నాకూ ఉన్నాయి. అది ఆట చేసినవాడి సోమరితనం. ఇన్‌టు ద బ్రీచ్ ఆడండి, 2018లో వచ్చింది. ఎనిమిదికి ఎనిమిది, చదరంగం బల్లంత చోటు. భూమిలోంచి రాక్షస పురుగులు లేస్తాయి. అవి వచ్చే వంతులో ఎక్కడ కొడతాయో నీకు ముందే చూపిస్తారు. అన్నీ తెలుసు, అయినా చెమటలు పడతాయి. రాబోయే దెబ్బ కళ్ళముందు కనబడుతూ, ఉన్న మూడు పావులతో దాన్ని ఎలా తప్పించాలో తోచక కూర్చునే ఆ భయం ఏ రియల్ టైమ్ ఆటలోనూ నాకు కలగలేదు. ఆ పురుగుల్ని తీసేసి అక్కడ డైనోసార్లను నిలబెట్టి చూడండి మనసులో. తోక ఎటు తిప్పిందో చూసి అది ఎటు కొట్టబోతోందో ఊహించాలి. అప్పుడు పిల్లాడు తోక చూస్తాడు!

హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే పిల్లలారా, మీతో ఒక మాట. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం నిలబడి ఉంది. ప్రాణహిత గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. 1988లో యాదగిరి అనే మన భూగర్భ శాస్త్రవేత్త దానికి యామన్‌పల్లి పేరు కలిపి లోకానికి పరిచయం చేశాడు. అదే రాతిపొరల్లో బారాపాసారస్ దొరికింది, ఠాగూర్ పేరు పెట్టారు, అది ఇప్పుడు కోల్‌కతాలో ఉంది. రెండూ జురాసిక్ యుగం తొలినాళ్ళ శాకాహారులు. పొడుగు మెడలు, స్తంభాల్లాంటి కాళ్ళు. మీరు ఏ దేశం ఆటకో బొమ్మలు గీసిపెడుతూ అమెరికా టైరనోసారస్‌నే గీసిందే గీస్తున్నారు. మీ కాళ్ళకింద ఉన్నదాన్ని ఎత్తి ఒక ఆట చెయ్యండి. దానికి నియమాలు వెతుక్కోవడానికి కూడా దూరం పోనక్కర్లేదు. గుడి మండపాల బండల మీద పులి-మేక గళ్ళు చెక్కి ఉంటాయి, చూశారా? మూడు పులులు, పదిహేను మేకలు. ఒక పక్షం బలంగలది, కొద్దిమంది. ఒక పక్షం బలహీనమైనది, చాలామంది. పులి దూకి చంపుతుంది, మేకలు కలిసికట్టుగా దారి మూస్తాయి. వేటజంతువుకూ మందకూ మధ్య జరిగే యుద్ధాన్ని ఇంతకంటే పొదుపుగా చెప్పిన ఆట నేను చూడలేదు. ఈ పద్దెనిమిది గులకరాళ్ళనూ ఇద్దరూ ఒకేసారి ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు జరుపుకోవచ్చని నియమం మార్చండి. ఎంతసేపు నిలుస్తుంది ఆట? రెండు నిమిషాల్లో రాళ్ళు విసురుకుంటారు.

మావాడు డైనోసార్ల యుద్ధం గెలిచిన ఆ రోజు సాయంత్రం కరెంటు పోయింది. మేడ మీద సుద్దముక్కతో పులి-మేక గీశాను. పులులకు మూడు చింతగింజలు, మేకలకు పదిహేను శనగలు. మేకలు మావాడివి. మొదట్లో టపటపా పెట్టేశాడు, వాడికి అలవాటైన వేగంతో. నాలుగు మేకలు తిన్నాను. ఐదోది పోయాక చెయ్యి ఆగింది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి గీతల వంక చూస్తూ కూర్చున్నాడు. నేను తొందరపెట్టలేదు. కింద నుంచి మా అక్క అన్నానికి రెండుసార్లు పిలిచింది, వాడికి వినబడలేదు. చివరికి ఓడిపోయాడు. గింజలు ఏరుకుంటూ ఆగి, సుద్దగీతలు కలిసే ఒక మూల మీద వేలు పెట్టాడు.

"ఏడో మేకను ఇక్కడ పెట్టకుండా ఉండాల్సింది మామయ్యా. నీ నడిమి పులికి దారిచ్చింది అదే" అన్నాడు.